విమానం గాల్లో ఉండగా ఇంజిన్ మొరాయిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి విమానం ఎక్కాలంటే చెన్నైకో, రేణిగుంటకో, గన్నవరానికో ముందు రోడ్డు మీద పోవాల్సిందే. దగదర్తి విమానాశ్రయం మాట ఏళ్లుగా వింటున్నదే. కువైట్‌లో కొడుకు, అమెరికాలో కూతురు ఉన్న ఇళ్లలోనూ, ఇంజినీరింగ్ చదివే పిల్లల దగ్గరా మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు ఇవి జవాబులు. ఉదాహరణలు ఎక్కువగా ఎయిర్‌బస్ ఎ320 రకం విమానానివి, ఎందుకంటే మన దేశంలో లోపలి రూట్లలో ఎక్కువగా తిరిగేది అదే. పైలట్‌కు మాత్రం తన కంపెనీ చెక్‌లిస్టే ప్రమాణం, ఈ పేజీ కాదు.

ఒక ఇంజిన్ ఆగిపోతే విమానం పడిపోద్దా?

పడిపోదు. రెండు ఇంజిన్ల విమానానికి అనుమతి ఇచ్చేటప్పుడే అన్నిటికన్నా చెడ్డ ఘడియను తీసుకుని లెక్క చూస్తారు. నిండు బరువుతో రన్‌వే మీద పరుగెడుతుండగా, ఇక ఆపడానికి వీల్లేని వేగం దాటాక ఒక ఇంజిన్ చచ్చిందనుకోండి. మిగిలిన ఒక్క ఇంజిన్‌తోనే విమానం లేవాలి, చక్రాలు లోపలికి తీసుకున్నాక ముందుకు పోయే ప్రతి 100 మీటర్లకు కనీసం 2.4 మీటర్లు పైకి ఎక్కాలి. దారిలో కొండలుంటే ఆ లెక్క ఇంకా కఠినం. బరువు ఎక్కువై ఈ లెక్క కుదరకపోతే సరుకో, ప్రయాణికులనో తగ్గిస్తారు. ఎండాకాలం మధ్యాహ్నం వేడికి గాలి పలచబడినప్పుడు కొన్ని చోట్ల ఇది నిజంగానే జరుగుతుంది.

పైన ఎత్తులో ఆగితే వేరే సంగతి. 35 వేల అడుగుల్లో ఒక్క ఇంజిన్ విమానాన్ని అక్కడే నిలబెట్టలేదు. మిగిలిన ఇంజిన్‌కు నిరంతరం వాడదగ్గ గరిష్ఠ శక్తి పెట్టి, ఎక్కువ దూరం పోయే వేగం దగ్గర విమానాన్ని మెల్లగా దిగనిస్తారు. బరువును బట్టి 20 నుంచి 25 వేల అడుగుల ప్రాంతంలో అది నిలదొక్కుకుంటుంది. ఈ దిగడం ఎంత నెమ్మదంటే, కిటికీ మూసుకున్న ప్రయాణికుడికి చాలాసార్లు తెలియదు.

పైలట్ మొట్టమొదట చేసే పని ఏంది?

ఏ స్విచ్చునూ ముట్టుకోకపోవడం. ఇది హాస్యానికి అన్న మాట కాదు, అలాగే నేర్పుతారు. ఎ320లో నేల నుంచి 400 అడుగులు దాటే వరకు హెచ్చరిక మోతను ఆపడం, చక్రాలు లోపలికి తీసుకోవడం తప్ప మరో పని పెట్టుకోరు. రెక్క కింద మంట కనబడుతున్నా అంతే. 400 అడుగుల లోపు చేయి పొరపాటున తప్పు లివర్ మీద పడితే సర్దుకునే ఎత్తు ఉండదు.

ఆ కొన్ని సెకన్లలో అసలు పని కాళ్లది. ఎడమ ఇంజిన్ ఆగితే కుడిది ఇంకా నెడుతూనే ఉంటుంది కాబట్టి ముక్కు ఎడమకు తిరుగుతుంది. కుడి కాలితో రడ్డర్ (తోక మీది చుక్కాని) పెడల్ నొక్కి నిటారుగా నిలపాలి. నొక్కాల్సిన పని లేని కాలు ఏ వైపుదో, ఆగిన ఇంజిన్ కూడా ఆ వైపుదే. ఎ320లో నేల వదిలాక ముక్కును సుమారు 12.5 డిగ్రీలకు ఎత్తి పట్టుకుంటారు. రెండు ఇంజిన్లూ ఉన్నప్పటి కన్నా ఇది తక్కువ. అలవాటు కొద్దీ ముక్కు ఎక్కువ ఎత్తితే వేగం కరిగిపోతుంది.

విమానం చేతికి చిక్కాకే దారి సంగతి, ఆ తర్వాతే రేడియో. ముందు ఎగరాలి, తర్వాత ఎటు పోవాలో చూడాలి, చివరగా మాట్లాడాలి. కంట్రోల్ టవర్‌కు మొదట చెప్పలేదేమని అడిగే వాళ్లకు జవాబు ఇదే. టవర్ వాళ్లు విమానాన్ని పట్టుకోలేరు. మాట్లాడేటప్పుడు ప్రాణాపాయం అయితే ‘మేడే’ అని మూడుసార్లు, అంత తీవ్రం కాకపోతే ‘పాన్ పాన్’ అని మూడుసార్లు అంటారు. రాడార్‌కు విమానం గుర్తింపు సంకేతం పంపే ట్రాన్స్‌పాండర్‌లో 7700 పెడితే అన్ని రాడార్ల మీద ఆ విమానం మెరుస్తుంది.

రన్‌వే మీదే ఆపేయొచ్చుగా?

ఒక వేగం వరకే. దాన్ని వీ1 అంటారు, బరువు, ఉష్ణోగ్రత, రన్‌వే పొడవు, తడి చూసి ప్రతి ప్రయాణానికీ విడిగా లెక్కిస్తారు. ఎ320కి అది తరచుగా 130 నుంచి 150 నాట్ల మధ్య, అంటే గంటకు 240 నుంచి 280 కిలోమీటర్లు. ఆ లోపు ఆపితే మిగిలిన రన్‌వేలో నిలుస్తుంది. దాటితే పైకి పోవడమే క్షేమం. 100 నాట్లు దాటాక చిన్న చిన్న హెచ్చరికలకు ఆపరు. ఇంజిన్ ఆగడం, మంట, విమానం లేవదన్న నిజమైన అనుమానం, వీటికే ఆపుతారు.

అంత వేగం నుంచి ఆపితే బ్రేకులు ఎర్రగా కాలతాయి. టైర్లు పేలకుండా చక్రంలో కరిగే బిరడాలు ఉంటాయి, వేడికి అవి కరిగి గాలి మెల్లగా పోతుంది. అందుకే విమానం రన్‌వే మీద కదలకుండా కూర్చుంటుంది, చుట్టూ ఫైర్ ఇంజిన్లు చేరతాయి, లోపల జనం విసుక్కుంటారు.

ఇంజిన్‌లో మంట అని వస్తే వరస ఏంటి?

ఈ పేజీలో ఒక్కటే చదివేట్టయితే ఇది చదవండి.

ఎర్ర దీపం, ఆగకుండా గంట. తెర మీద ఏ ఇంజిన్‌కు మంట అన్నదీ, దాని కింద చేయాల్సిన పనులూ వరసగా వస్తాయి. నడిపే పైలట్ విమానాన్నే చూస్తుంటాడు, రెండో ఆయన తెర చదువుతాడు.

మొదట ఆ వైపు థ్రస్ట్ లివర్‌ను, అంటే ఇంజిన్ శక్తిని పెంచే తగ్గించే పిడిని, ఐడిల్‌కు (అతి తక్కువ శక్తికి) తెస్తారు. నడిపే ఆయన లివర్ మీద చేయి పెట్టి ‘ఒకటో ఇంజిన్ లివర్, సరేనా’ అని అడుగుతాడు. రెండో ఆయన కళ్లతో చూసి ‘సరే’ అన్నాకే లాగుతాడు.

తర్వాత మాస్టర్ స్విచ్. ఇది లివర్ల వెనక చిన్నదిగా ఉంటుంది. పైకి లాగి పట్టుకుంటేనే కదులుతుంది, మోచేయి తగిలి పడిపోకుండా. దాన్ని ఆఫ్ చేస్తే ఇంధనం ఆగుతుంది. ఇక్కడా అదే అడగడం, అదే సరే అనడం. రెండో ఆయన వేలు స్విచ్ మీద ఉంటుంది, మొదటి ఆయన చూపు ఆ వేలి మీద ఉంటుంది.

మూడోది తల పైన ప్యానెల్‌లో మూత కింద ఉండే ఫైర్ బటన్. ఒక్క నొక్కుతో చాలా పనులు జరుగుతాయి. మోత ఆగుతుంది, రెక్క నుంచి వచ్చే ఇంధన కవాటం మూసుకుంటుంది, హైడ్రాలిక్ నూనె దారి మూసుకుంటుంది, వేడి గాలి పైపు మూసుకుంటుంది, జనరేటర్ విడిపోతుంది, ఆర్పే సీసాలు సిద్ధమవుతాయి. మంటకు మేత అంటూ ఏదీ మిగలదు.

ఇక 10 సెకన్లు ఆగాలి. చాలామందికి అర్థం కానిది ఇదే. మంట ఉంది, చేతిలో సీసా ఉంది, ఎందుకు ఆగాలి? ఇంజిన్ ఇంకా వేగంగా తిరుగుతూ తన చుట్టూ ఉన్న డొప్పలోకి గాలి లాగుతుంటుంది. ఆ గాలిలో మందు వదిలితే వెనక నుంచి కొట్టుకుపోతుంది. ఫ్యాన్ నెమ్మదించాక వదిలితే డొప్పలో చిక్కగా నిలుస్తుంది. 10 సెకన్లకు మొదటి సీసా. 30 సెకన్లు చూసినా దీపం ఆరకపోతే రెండోది. ఒక్కో ఇంజిన్‌కు ఉన్నవి రెండే.

ఇదంతా తొందరపడి చేస్తే 15 సెకన్ల పని. సరిగ్గా చేస్తే నిమిషం పైనే పడుతుంది. శిక్షణలో మార్కులు పోయేది తొందరపడిన వాళ్లకే.

బాగున్న ఇంజిన్‌నే ఆపేసిన సందర్భాలున్నాయా?

ఉన్నాయి. పైన చెప్పిన అడగడం, సరే అనడం వాటి నుంచే ఇంత గట్టిపడింది. 1989 జనవరి 8న ఇంగ్లండ్‌లో కెగ్‌వర్త్ దగ్గర బోయింగ్ 737-400 ఒకటి కూలింది. దెబ్బతిన్నది ఎడమ ఇంజిన్, ఆపింది కుడిది. అదే సమయంలో పొగ, అదురు కాకతాళీయంగా తగ్గడంతో సరిగ్గానే ఆపామనుకున్నారు. కుడి ఇంజిన్ ఆపామని కెప్టెన్ ప్రకటించినప్పుడు, ఎడమ వైపు నిప్పురవ్వలు కళ్లారా చూసిన ప్రయాణికులు వెనక సీట్లలో ఉన్నారు. ఎవరూ నోరెత్తలేదు. 47 మంది పోయారు. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ఏటీఆర్ 72 విషయంలోనూ ఇదే తప్పు, 43 మంది చనిపోయారు.

కనుక మీరు చూసిన దానికీ ప్రకటనకూ పొంతన లేకపోతే క్యాబిన్ సిబ్బందిని పిలిచి చెప్పండి. పెద్దమనిషి తరహాగా ఊరుకోవద్దు.

ఢాం ఢాం అని శబ్దం, వెనక నుంచి మంట. ఇంజిన్ పేలినట్టేనా?

చాలాసార్లు కాదు. దాన్ని సర్జ్ అంటారు. ఇంజిన్ ముందు భాగం గాలిని మెట్లు మెట్లుగా నొక్కి వెనక్కి పంపుతుంటుంది. బ్లేడు వంగినా, లోపలికి వచ్చే గాలి చెదిరినా ఆ నొక్కుడు తప్పి, వెనక ఉన్న ఒత్తిడి గాలి ఒక్కసారి ముందుకు తన్నుతుంది. కాలని ఇంధనం బయట అంటుకుంటుంది. శబ్దం ఫిరంగిలా ఉంటుంది, ఫైర్ దీపం మాత్రం వెలగదు.

దీనికి మందు శక్తి తగ్గించడం. లివర్‌ను ఐడిల్‌కు తెచ్చి, అదురు, వెనక గాలి ఉష్ణోగ్రత దారిలో పడ్డాయేమో చూసి, మెల్లగా మళ్లీ పెంచుతారు. ఎక్కడ మళ్లీ కొట్టిందో ఆ కిందే ఉంచి వాడుకుంటారు. ఉష్ణోగ్రత హద్దు దాటి దిగకపోతే ఆపుతారు.

మన పులికాట్ పక్షుల వల్ల ప్రమాదమా?

నేలపట్టు, పులికాట్ పక్షులు చెన్నై నుంచి ఉత్తరానికి పోయే విమానాల దారికి చాలా కింద ఎగురుతాయి. దాదాపు అన్ని పక్షి దెబ్బలూ లేచేటప్పుడు, దిగేటప్పుడు, విమానాశ్రయం చుట్టుపక్కలే జరుగుతాయి. అక్కడ కారణం సరస్సులు కాదు, కోళ్ల వ్యర్థాలు, మాంసం కొట్లు, మూతలేని చెత్త.

తెలుసుకోదగ్గ లెక్క ఒకటుంది. ఇంజిన్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు ఒక పెద్ద పక్షిని లోపలికి విసిరి పరీక్షిస్తారు. ఇంజిన్ నోటి సైజును బట్టి దాని బరువు 1.85, 2.75 లేదా 3.65 కిలోలు. పరీక్ష నెగ్గడమంటే ఇంజిన్ నడుస్తూ ఉండాలని కాదు. ముక్కలు బయటికి చిమ్మకుండా, అదుపు తప్పిన మంట లేకుండా క్షేమంగా ఆగగలిగితే చాలు. నేలపట్టు గూడబాతు (పెలికాన్) 4 నుంచి 6 కిలోలు తూగుతుంది. పరీక్ష పక్షి కన్నా అది బరువు.

రెండూ ఆగిపోతే?

అరుదు. అప్పుడు కూడా విమానం రాయిలా పడదు, జారుతుంది. ఒక అడుగు దిగేలోపు సుమారు 17 అడుగులు ముందుకు పోతుంది. 36 వేల అడుగులంటే దాదాపు 11 కిలోమీటర్లు, అంటే 180 కిలోమీటర్ల పైచిలుకు. ఎదురుగాలికి, మలుపులకు, చక్రాలు దించడానికి కొంత పోతుంది గనుక 150 అనుకోవడం నయం. నెల్లూరు మీద అంత ఎత్తులో ఉంటే నేరుగా రేణిగుంట సుమారు 100, చెన్నై 160. ఒంగోలు మీద అయితే గన్నవరం 140. రేణిగుంట సులువుగా అందుతుంది, గన్నవరం అంచుల్లో, చెన్నై గాలి దయ మీద.

కరెంటు, హైడ్రాలిక్ ఒత్తిడి కోసం విమానం పొట్ట కింద నుంచి చిన్న గాలిమర దానంతట అదే బయటికి వస్తుంది.

చరిత్రలో నాలుగు చూడండి. 1982 జూన్ 24న జావా దగ్గర అగ్నిపర్వతం బూడిదలో బోయింగ్ 747కు నాలుగు ఇంజిన్లూ ఆగాయి. సుమారు 13 వేల అడుగుల దగ్గర మళ్లీ అంటుకోవడం మొదలుపెట్టాయి, జకార్తాలో దిగింది. 2001 ఆగస్టు 24న ఎ330 ఒకటి అట్లాంటిక్ మీద ఇంధనం కారిపోయి, ఇంజిన్లు లేకుండా సుమారు 120 కిలోమీటర్లు జారి అజోర్స్ దీవుల్లో దిగింది. లోపలున్న 306 మందీ బతికారు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో బాతుల గుంపు తగిలిన ఎ320 సుమారు 2,800 అడుగుల నుంచి హడ్సన్ నది మీద దిగింది, 155 మందీ బయటపడ్డారు.

నాలుగోది 2025 జూన్ 12, అహ్మదాబాద్, బోయింగ్ 787. ప్రాథమిక నివేదిక ప్రకారం విమానం లేచిన కొన్ని సెకన్లకే రెండు ఇంధన స్విచ్చులూ ఒక సెకను తేడాతో రన్ (ఇంధనం వెళ్లే స్థితి) నుంచి కటాఫ్‌కు (ఇంధనం ఆగే స్థితి) మారాయి. తర్వాత మళ్లీ రన్‌కు తెచ్చారు. గాలిమర బయటికొచ్చింది, ఒక ఇంజిన్ కోలుకోవడం కూడా మొదలైంది. ఎత్తు లేదు. నేల మీద ఉన్నవాళ్లతో కలిపి 260 మంది పోయారు. ఆగిన ఇంజిన్ తిరిగి నిలదొక్కుకోవడానికి సెకన్లు కాదు, పదుల సెకన్లు కావాలి.

కొరిశపాడు హైవే రన్‌వే మీద దింపొచ్చు కదా?

మన వైపు అందరూ అడిగేదే. పాత ప్రకాశం జిల్లాలో జాతీయ రహదారి 16 మీద కొరిశపాడు దగ్గర కట్టిన ఆ పట్టీ 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు. 2022 డిసెంబరు 29న యుద్ధ విమానాలు నేలను తాకకుండా తక్కువ ఎత్తులో పోయాయి. 2024 మార్చి 18న వైమానిక దళం మళ్లీ విన్యాసం చేసింది, అప్పుడు విమానాలు దిగాయి.

పొడవు ఎ320కి చాలు. అయినా ఒక ఇంజిన్ ఆగిన పైలట్ దాని వంక చూడడు. ఆ విన్యాసాల రోజున ముందు బండ్లు ఆపారు, కంచె కట్టారు, కుక్కలను తరిమారు. మామూలు రోజున అక్కడ లారీలు, ట్రాక్టర్లు, అడ్డంగా నడిచే గేదెలు ఉంటాయి. దింపడానికి దారి చూపే రేడియో పుంజం లేదు, ఫైర్ ఇంజిన్లు లేవు. ఒక ఇంజిన్‌తో గంటసేపు పోగలిగిన విమానానికి, కాచుకుని కూర్చున్న ఫైర్ సిబ్బంది ఉన్న రన్‌వే కావాలి. రెండూ ఆగి మరో దారి లేకపోతే ఎక్కడ దించాలన్నది పూర్తిగా కెప్టెన్ ఇష్టం, ఆయన నిర్ణయాన్ని ఆపే నిబంధన లేదు.

ఇంధనం కారుతోందని ఎలా పట్టుకుంటారు?

కూడికతో. బయలుదేరినప్పుడు 9,000 కిలోలు అనుకుందాం. ఇంజిన్లు తాగింది 3,000 అని మీటరు. ట్యాంకుల్లో ఉన్నది 5,200. రెండూ కలిపితే 8,200. మిగతా 800 బయటికి పోయింది. ఈ లెక్క ప్రయాణంలో గడియ గడియకూ చూడాలి.

ఇక్కడ చేసే తప్పు ఏమిటంటే, ఒక వైపు ట్యాంకు తగ్గుతోంది గదా అని రెండు వైపులనూ కలిపే కవాటం తెరవడం. బాగున్న ట్యాంకులోది కూడా కారే వైపుకు పోతుంది. అట్లాంటిక్ మీద ఎ330కి జరిగింది ఇదే. కారడం లేదని తేలాకే తెరవాలి. కారేది ఇంజిన్ దగ్గరైతే ఆ ఇంజిన్ ఆపేస్తే కారడమూ ఆగుతుంది.

ఆగిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేయరా?

దెబ్బతిన్న గుర్తులు లేకపోతేనే. ఢామ్మన్న శబ్దం, గట్టి అదురు, తిరుగుడు సున్నా, నూనె మాయం, వీటిలో ఏదున్నా ముట్టుకోరు. మంట ఆర్పిన ఇంజిన్‌ను అసలే ముట్టుకోరు. ఒక్క ఇంజిన్‌తో క్షేమంగా దిగగలిగినప్పుడు రెండోదాన్ని గెలకడం వల్ల లాభం తక్కువ.

సముద్రం మీద ఉంటే?

మామూలు నియమం ప్రకారం రెండు ఇంజిన్ల విమానం ఒక ఇంజిన్ వేగంతో 60 నిమిషాల్లో చేరగలిగిన విమానాశ్రయానికి దూరం కాకూడదు. ప్రత్యేక అనుమతి ఉంటే 120, 180 నిమిషాలు, ఎ350కి 370 వరకూ ఉంది. చెన్నై నుంచి కువైట్ పోయే విమానం అరేబియా సముద్రం మీద ఏ క్షణాన చూసినా ఏ విమానాశ్రయానికి తిరగాలో కాగితం మీద ముందే రాసి ఉంటుంది.

లేచిన పది నిమిషాలకే తిరిగొచ్చి, గంటసేపు చుట్లు ఎందుకు కొడతారు?

బరువు. ఎ320 నియో 79 టన్నులతో లేవొచ్చు, దిగాల్సింది సుమారు 67 లోపు. ఎ320కి, 737కి గాల్లో ఇంధనం పారబోసే ఏర్పాటే లేదు, పెద్ద విమానాల్లో కొన్నిటికే ఉంది. కాబట్టి తొందర లేకపోతే కాల్చి తగ్గించుకుంటారు. తొందర ఉంటే, ముఖ్యంగా మంట ఆరకపోతే, బరువుతోనే దింపేస్తారు. నెమ్మదిగా ఆనించాలి, నిమిషానికి 360 అడుగుల లోపు. తర్వాత మెకానిక్‌లు చక్రాల కాళ్లన్నీ తనిఖీ చేస్తారు. ఆ చుట్లలోనే చెక్‌లిస్టు పూర్తవుతుంది, రన్‌వే పొడవు లెక్క కట్టుకుంటారు, క్యాబిన్‌కు చెబుతారు.

లోపల కూర్చున్న వాళ్లం ఏం చేయాలి?

బెల్టు బిగించుకుని కూర్చోవాలి. ప్రకటన ఇంగ్లిష్‌లో, హిందీలో వస్తుంది. పక్కన తెలుగు తప్ప మరో భాష రాని అమ్మమ్మ ఉంటే, ‘ఏం కాలేదమ్మా, ఒక ఇంజిన్ ఆపారు, ఇంకోటి నడుస్తోంది, తిరిగి దింపుతున్నారు’ అని చెప్పండి. ఆమెకు అక్కడ ఇంకెవరూ చెప్పరు.

దిగాక బయటికి పొమ్మంటే బ్యాగు ముట్టుకోవద్దు. సగం తలుపులతోనే 90 సెకన్లలో అందరూ దిగగలగాలని పరీక్షించి అనుమతి ఇస్తారు, ఆ లెక్కలో సూట్‌కేసులు లేవు. తలుపు తీసే ముందు కిటికీలోంచి చూడాలి, మంట ఉన్న వైపు తీయకూడదు. లైఫ్ జాకెట్ లోపలుండగా ఊదొద్దు. నీళ్లు లోపలికి వస్తే అది మనిషిని పైకప్పుకు అతికించేస్తుంది, నీళ్ల కింద నుంచి తలుపు దాకా చేరలేరు.

తర్వాత ఆ ఇంజిన్‌ను ఏం చేస్తారు?

ముందు పైలట్ల మాటలు నమోదు చేసే రికార్డర్ల కరెంటు తీసి అవి చెరిగిపోకుండా చూస్తారు. పాతరకం వాయిస్ రికార్డర్‌లో చివరి 2 గంటలే మిగులుతాయి. ఇంజిన్ నూనె దారిలో చిన్న అయస్కాంతపు బిరడా ఉంటుంది. దాన్ని విప్పి గుడ్డ మీద తుడిస్తే నల్లటి మెత్తని పొడి కనిపించడం మామూలే, మెరిసే పొలుసు కనిపిస్తే లోపల బేరింగ్ అరుగుతోందని అర్థం. సన్నని గొట్టం చివర కెమెరా పెట్టి ఒక్కో వరస బ్లేడ్లు చూస్తారు. ఒకతను ఇంజిన్ లోపలి చక్రాన్ని చేత్తో ఒక్కో బ్లేడు చొప్పున తిప్పుతుంటాడు, రెండో అతను తెర చూస్తూ లెక్క పెడుతుంటాడు. లెక్క తప్పితే మళ్లీ మొదటి బ్లేడు నుంచి.